ఔలిస్ తుపాకీ వినబడని రోజు

దుప్పుల వేట మొదలయ్యే శనివారం ఉదయం, ఇంకా తెల్లవారకముందే, ఔలిస్ వంటింట్లో కూర్చుని కాఫీ తాగుతూ ఆ రోజు చేయాల్సిన పనిని మనసులో ఇంకోసారి వల్లె వేసుకున్నాడు. సంచి భుజాన వేసుకుని వేటక్లబ్బు ఇంటికి వెళ్ళాలి. అందరితో పాటు బల్ల మీద కూర్చోవాలి, అందరితో పాటు నోరు మూసుకోవాలి, తన మాటు ఎక్కడో చెప్పగానే లేచి అడవిలోకి నడవాలి. చుట్టూ ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక సంచి అడుగున ఊలు మేజోడులో దాచిన గొట్టాన్ని తీసి తుపాకీ కొసకు బిగించాలి. తిరిగి వచ్చేముందు విప్పి మళ్ళీ మేజోడులో దాచేయాలి. ఇంత సులువైన పథకంలో తప్పు జరగడానికి చోటెక్కడుందో అతనికి కనబడలేదు. అతని భార్య హిల్కకు కనబడింది.

"దుప్పి వచ్చింది, నువ్వు కాల్చావే అనుకో. అప్పుడు?"

"అప్పుడేముంది, పడుతుంది."

"పడితే నలుగురూ వస్తారు కదయ్యా!"

"వచ్చేలోపు విప్పేస్తా."

"ఊరు ఊరంతా నీ తుపాకీ మోత కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. ఆ మోతే లేకపోతే ఏమనుకుంటారు?"

"కాఫీ ఇంకొంచెం పొయ్యి" అన్నాడు ఔలిస్. నచ్చని ప్రశ్న ఎదురైనప్పుడల్లా అతనికి కాఫీ గుర్తొస్తుంది.

హిల్క అన్నదాంట్లో అతిశయోక్తి ఏమీ లేదు. ఆ తుపాకీ ఔలిస్ తండ్రిది. అది పేలితే కుర్కివార ఊళ్ళో కిటికీ అద్దాలు గలగలమనేవి, ముసలి కుక్కలు మంచాల కింద దూరేవి, క్లబ్బు ఇంట్లో వంట చూసే లెంపి వెంటనే పొయ్యి మీద దుంపల గిన్నె పెట్టేది. దుప్పిని అడవిలోంచి లాక్కొచ్చేసరికి దుంపలు సరిగ్గా ఉడికి ఉండేవి. సీజన్లో మొదటి దుప్పి చాలా ఏళ్ళుగా ఔలిస్ మాటు దగ్గరికే వస్తోంది కనుక లెంపికి గడియారంతో పని పడలేదు. "ఔలిస్ కాల్చాడు" అంటే ఆ ఊళ్ళో భోజనానికి వేళయిందని అర్థం. ఈ పేరంటే ఔలిస్‌కి ప్రాణం.

మిగతావాళ్ళంతా ఏనాడో తుపాకులకి సైలెన్సర్లు, అంటే మోత తగ్గించే గొట్టాలు, తగిలించుకున్నారు. ఆ ఉత్తరాది చలిదేశంలో అదేమీ వింత కాదు, బూట్లు కొనుక్కున్నట్టు కొనుక్కుంటారు. ఔలిస్ ఒక్కడే లొంగలేదు. లొంగకపోతే లొంగకపోయాడు, ఊరుకోనూ లేదు. ఒకసారి వేట అయ్యాక క్లబ్బు సౌనాలో, అంటే ఆవిరిస్నానాల గదిలో, పై మెట్టు మీద చెమటలు కక్కుతూ కూర్చుని, "తుపాకీ మూతికి గొట్టం తగిలించుకుని తిరగడం కూడా ఒక వేటేనా? నేను గానీ ఆ పని చేసిన రోజున, గోడ మీదున్న బూర నా మెడలో వేసుకుని ఊదుకుంటూ తిరుగుతా!" అని శపథం చేశాడు.

ఆ బూర ఇత్తడిది. వాకీటాకీలు రాకముందు దుప్పి పడిందని అందరికీ చెప్పడానికి ఊదేవారట. దాని బరువు చూసే ఇన్నేళ్ళుగా ఎవరూ దాన్ని గోడ మీంచి దించలేదు. ఔలిస్ శపథం విని సౌనాలో ఎవరూ నవ్వలేదు, ఎవరూ సరే అనలేదు. ఒకాయన కాలుతున్న రాళ్ళ మీద ఇంకో చెంబు నీళ్ళు పోశాడు. కుర్కివారలో ఒక మాట ఖాయమైపోవడం అంటే అంతే.

ఇక ఆ గొట్టం సంగతి. ఔలిస్ చెవులకి ముందుగా అందకుండా పోయింది అడవికోడి కూత. పేరుకు కోడే గానీ, సూదిలాగా సన్నగా ఈలవేసే చిన్న పిట్ట అది. అది కూస్తోందని పక్కవాళ్ళు వేలు చూపిస్తే ఔలిస్ అటు చూసి తలూపేవాడు, అతనికేమీ వినబడేది కాదు. పోతే పోయింది, పిట్టే కదా అనుకున్నాడు. కానీ కిందటేడు ఒక రోజు హల్లి, అంటే అతని బూడిదరంగు వేటకుక్క, దుప్పిని నిలేసి చాలాసేపు మొరిగింది. ఔలిస్ ప్రశాంతంగా శాండ్‌విచ్ తింటూ కూర్చున్నాడు. చివరికి వేట పెద్ద తైస్తో వాకీటాకీలో, "నీ కుక్క నీ ఎదురుగుండానే మొరుగుతోంది, వినబడట్లేదా?" అని అడిగాడు. ఔలిస్ ఏదో గాలి అన్నాడు. ఆ రోజు గాలి లేదు.

హిల్క ఊరుకోలేదు, చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆ డాక్టరమ్మ చిన్నపిల్ల, కానీ చాలా నిక్కచ్చి మనిషి.

"ఎప్పట్నుంచి కాలుస్తున్నారు?"

"మీసాలు రాకముందునుంచి."

"చెవులకి ఏం పెట్టుకునేవారు?"

"టోపీ."

డాక్టరమ్మ ఆ మాట కూడా కాగితం మీద రాసుకుంది. "పోయింది తిరిగి రాదండీ. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. ఆ తుపాకీతో ఇలాగే ఉంటే తర్వాత పోయేది మీ కుక్క మొరుగుడే" అంది.

చెవులకి చప్పుడు దూరనివ్వని డిప్పలు పెట్టుకోవచ్చు. డిప్పలు పెట్టుకుంటే ఔలిస్‌కి హల్లి ఇప్పుడే వినబడదు. దూరంగా అడవిలో హల్లి మొరుగుతుంటే ఆ చప్పుడును పట్టుకుని నడవడమే అతనికి తెలిసిన వేట. సంతోషం అంటే కూడా అతనికి తెలిసింది అదే. అది లేని అడవి ఎలా ఉంటుందో కారులో ఇంటికొచ్చే దారి పొడుగునా ఊహించుకుని భయపడ్డాడు. ఇల్లు చేరాక, "మనకి తెలిసినవాళ్ళెవరూ రాని ఊళ్ళో గొట్టాలమ్మే దుకాణం ఉందేమో కనుక్కో" అన్నాడు హిల్కతో, కొనేది తను కాదన్నట్టు.

అలా ఇద్దరూ దూరపు పట్నం వెళ్ళారు. దుకాణదారు గాజుబల్ల మీద మూడు గొట్టాలు పెట్టాడు. ఉక్కుది తరతరాలు ఉంటుంది, కానీ బరువు. ఔలిస్ దాన్ని తుపాకీ కొస దగ్గర ఆనించి చూశాడు. అసలే పొడుగు తుపాకీ, ముక్కు నేలకి వాలిపోయింది. "దీంతో కాల్చాలంటే దుప్పి గుంటలో పడుకోవాలి" అన్నాడు. అల్యూమినియంది తేలిక, కానీ వరసగా కాలిస్తే తొందరగా అరిగిపోతుందట. మూడోది టైటానియంది. హిల్క దాన్ని అరచేతిలో పెట్టుకుని, కూరగాయలు తూచినట్టు పైకీ కిందికీ ఆడించింది. "ఇందులో ఏమైనా ఉందా, ఖాళీనా?" అంది. కాఫీకప్పు కన్నా బరువు లేదు.

"కడగొచ్చా దీన్ని?" అని అడిగింది.

"కడగడం కన్నా ఆరబెట్టడం ముఖ్యమమ్మా. కాల్చాక లోపల మసి, తేమ చేరతాయి. తుపాకీకే ఉంచేసి గోడకి ఆనించారంటే ఆ తేమ లోపలికి దిగి తుపాకీకి తుప్పు పడుతుంది. ఏ రోజుకారోజు విప్పి వెచ్చని చోట నిలబెట్టండి. బిగించే మర మీది మసి గుడ్డతో తుడవండి. ఇది తగిలించాక గుండు పడే చోటు కాస్త మారుతుంది, గురి మళ్ళీ సరిచూసుకోవాలి. బిగించేది చేత్తోనే సుమండీ. అతిగా బిగిస్తే విప్పేటప్పుడు ఏడిపిస్తుంది."

ఔలిస్ అన్నిటికీ తలూపాడు. మొగుడు తలూపే విషయాలు అతని తలలో ఉండవని హిల్కకు తెలుసు. అందుకని తను విన్నది. తండ్రి తుపాకీ కొసకి మర కోయించారు, ఆ మర కనబడకుండా ఔలిస్ నల్ల టేపు చుట్టాడు. వానలో తుపాకీ మూతిలోకి నీళ్ళు దూరకుండా అందరూ టేపు చుడతారు కనుక ఎవరికీ అనుమానం రాదు. క్లబ్బు మైదానంలో గురి చూసుకుంటే బయటపడిపోతుందని పొరుగు జిల్లాలో చెల్లెలి ఊరికి వెళ్ళి, పాడుబడ్డ కంకర గోతిలో సరిచూసుకున్నాడు. ఇంటికొచ్చాక హిల్క ఆ గొట్టాన్ని తుడిచి, ఇటికల పొయ్యి పై అరమీద, ఎండుతున్న పుట్టగొడుగుల దండల పక్కన నిలబెట్టింది. దానికని ఊలు మేజోడు కూడా అల్లింది.

ఇదంతా అయ్యాక వచ్చిన శనివారం ఇది. క్లబ్బు ఇంట్లో నారింజరంగు టోపీలు పెట్టుకుని అందరూ బల్లల మీద కూర్చున్నారు. తైస్తో ఒక్కొక్కరికీ మాటు చెప్పుకుంటూ వచ్చాడు. "ఔలిస్, కొంగల చిత్తడి. ఓయివ, దాని పక్క గట్టు." లెంపి వంటింటి గుమ్మంలోంచి తల బయటపెట్టి, "ఔలిస్, మరీ పెందరాళే కాల్చకు, దుంపలింకా తొక్క తీయలేదు" అంది. "అలాగే లెంపి అక్కా" అన్నాడు ఔలిస్. గోడ మీది బూర తన్నే చూస్తోందని అతనికి అనిపించింది, అటు చూడకుండా బయటికి వచ్చాడు.

చిత్తడి దగ్గర మంచు పేరుకుని గడ్డి అంతా తెల్లగా ఉంది. ఔలిస్ గొట్టం తీసి చేత్తో బిగించాడు. ఊడిపోతుందేమోనని ఇంకొంచెం బిగించాడు. అప్పటికీ మనసు ఒప్పక, నడుం బెల్టు తీసి దాని చుట్టూ చుట్టి, ఉన్న బలమంతా పెట్టి తిప్పాడు. అప్పుడు నిశ్చింతగా కూర్చున్నాడు.

ఎంతసేపటికో హల్లి మొరుగు వినబడింది. చాలా దూరంనుంచి, కానీ వినబడింది. ఔలిస్ ఊపిరి బిగబట్టి తలను అటూ ఇటూ తిప్పుతూ ఆ చప్పుడును పోగొట్టుకోకుండా వింటున్నాడు. అది దగ్గరయింది, ఆగింది, మళ్ళీ కదిలింది. అప్పుడు చిత్తడి అవతలి అంచున పైన్ చెట్ల మధ్య పొగమంచు కాస్త నల్లబడి, దుప్పిగా మారింది.

ఆ ఉత్తరాది దుప్పి గుర్రం కన్నా ఎత్తైనది. కొమ్ములు రెండు చేతులు బార్లా చాపినంత ఉన్నాయి. అంత పెద్ద శరీరం నీటిగడ్డి మీద కాలు పెడుతోందన్న చప్పుడే లేదు. ముక్కులోంచి ఆవిరి వదిలి, చెవులు మాత్రం వెనక్కి కుక్క వైపు తిప్పి నిలబడింది. ఇన్నేళ్ళలో ఎన్ని దుప్పులు చూశాడో, అయినా మొదటిసారి చూసినట్టే చూశాడు ఔలిస్. పక్కకి తిరిగే దాకా ఆగి, కాల్చాడు.

తుపాకీ భుజాన్ని ఎప్పటిలాగే తన్నింది. చెట్లలోంచి కొరడా ఝళిపించినట్టు ఒక చప్పుడు పరిగెత్తుకుంటూ చిత్తడి అవతలి వాగు దాటి పోయింది. ఆ తర్వాత ఎప్పుడూ వచ్చే పెద్ద గంట మోత, చెవుల్లో సాయంత్రం దాకా మోగే ఆ రొద, ఈసారి రాలేదు. దానికి బదులు అడవి వచ్చింది.

దుప్పి రెండడుగులు వేసి కూలడం వినబడింది. దాని కింద పల్చటి మంచుపొర పగలడం, ఆ పగుళ్ళలోంచి నీళ్ళు మెల్లగా పైకి రావడం వినబడింది. చివరిసారిగా వదిలిన ఊపిరి వినబడింది. ఎక్కడో పైన్ కొమ్మ మీంచి ఒక పెచ్చు ఊడి కింద పడింది, అదీ వినబడింది. ఒక పిట్ట రెక్కలు టపటపలాడించుకుంటూ వచ్చి దగ్గర్లో వాలింది. హల్లి వగరుస్తూ పరిగెత్తుకొచ్చి దుప్పి పక్కన కూర్చుంది, దాని నాలుక చప్పుడు కూడా ఔలిస్‌కి తెలిసింది. తను కాల్చిన తర్వాత ఈ లోకంలో ఏం జరుగుతుందో ఇన్నేళ్ళలో అతను ఒక్కసారి కూడా వినలేదు. ప్రతిసారీ ఆ మోత కింద ఇదంతా పూడ్చిపెట్టేశాడు. ఔలిస్ టోపీ తీశాడు. ఏడుపొచ్చింది, ఎవరూ లేరు కదా అని కాసేపు ఏడ్చాడు కూడా.

కళ్ళు తుడుచుకుంటుంటే గొట్టం గుర్తొచ్చింది. తుపాకీలోని తూటాలన్నీ తీసేసి, గొట్టాన్ని పట్టుకుని తిప్పాడు. కదల్లేదు. బెల్టు చుట్టి, తుపాకీని తొడల మధ్య ఇరికించి, పళ్ళు కొరికి లాగాడు. గొట్టం ఒక్కసారిగా వదిలి, గిర్రున తిరిగి, బెల్టులోంచి జారి, పక్కనున్న నల్లటి నీటిగుంటలో బుడుంగున మునిగింది.

వాకీటాకీ చెట్టుకొమ్మకి వేలాడుతోంది. అందులో తైస్తో గొంతు వినిపించింది: "ఎవరు కాల్చారు?"

ఔలిస్ అప్పటికే బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి ఆ గుంటలో పెట్టి బురద దేవుతున్నాడు. దొరకగానే చెబుదాం అనుకున్నాడు. మాటుల వరసలో ఒక్కొక్కరే నేను కాదంటే నేను కాదన్నారు.

"ఔలిస్‌ని అడగలేదు" అని ఎవరో గుర్తుచేశారు.

"అతన్ని అడిగేదేంటి? అతను కాల్చుంటే నా కట్టుడుపళ్ళు కింద పడి ఉండేవి" అన్నాడు పక్క గట్టు మీదున్న ఓయివ. "చప్పుడు వాగు అవతలనుంచి వచ్చింది తైస్తో. అది లహ్నలంపి వాళ్ళ పని."

లహ్నలంపి అంటే వాగు అవతలి ఊరు. వాగు ఇవతల కుర్కివార వాళ్ళు కాల్చిన దుప్పి ఒకటి, ఒకప్పుడు వాగు దాటి లహ్నలంపి గడ్డ మీద పడి చచ్చింది. దాని కొమ్ములు ఇప్పటికీ అవతలి క్లబ్బు గోడ మీద ఉన్నాయి. అప్పట్నుంచి రెండు ఊళ్ళకీ మాటల్లేవు. అంతకుముందు మాత్రం ఎన్నున్నాయని అడిగితే చెప్పడం కష్టం.

"హల్లి ఎక్కడుందో చూడండి" అన్నాడు ఓయివ. హల్లి మెడలోని పట్టీ దాని జాడను తైస్తో ఫోనుకి పంపిస్తుంది.

"చిత్తడిలో ఉంది. కదలట్లేదు. మొరగట్లేదు."

"పట్టుకుని కట్టేశారంటావా?"

"ఔలిస్! ఔలిస్, వినబడుతోందా?"

ఔలిస్‌కి చక్కగా వినబడుతోంది. కానీ చెయ్యి గుంటలో ఉంది, గడ్డం నీళ్ళకి ఆనుతోంది, వేళ్ళకి ఏదో గుండ్రంగా తగిలినట్టే తగిలి జారిపోయింది. దాని కోసం ఇంకాస్త లోపలికి వంగాడు.

"పలకట్లేదు" అంది తైస్తో గొంతు, ఈసారి కాస్త మారి. "ముందు కుక్క, ఇప్పుడు ఔలిస్."

ఇక లాభం లేదని ఔలిస్ లేచి, కొయ్యబారిన చేత్తో వాకీటాకీ అందుకున్నాడు. నిజం చెప్పడానికి ఇదే అదను. నోరు తెరిస్తే కళ్ళముందు బూర కనబడింది. "నేను బానే ఉన్నా. ఎవరూ రావద్దు" అన్నాడు, చలికి దవడలు టకటకమంటుంటే.

కుర్కివారలో ఎవరూ ఎప్పుడూ ఎవర్నీ రావద్దని చెప్పరు, చెప్పకుండానే ఎవరూ రారు. అందుకని ఆ మాట అందరినీ హడలగొట్టింది.

"గొంతు వణుకుతోంది" అన్నాడు ఓయివ.

"పక్కన నిలబడి ఎవరో చెప్పిస్తున్నారు" అన్నాడు తైస్తో. అని, అన్నేళ్ళుగా చెయ్యని పని చేశాడు. లహ్నలంపి వేట పెద్ద ఏవెర్ట్‌కి ఫోన్ చేశాడు.

ఏమని చేశాడో ఎవరూ వినలేదు కానీ, కాసేపటికి చిత్తడికి ఇటువైపునుంచి కుర్కివార టోపీలు, అటు వాగు దాటి లహ్నలంపి టోపీలు వచ్చాయి. మధ్యలో దుప్పి, దాని పక్కన కాపలాగా హల్లి, నడుందాకా బురదతో ఔలిస్ ఉన్నారు. ఏవెర్ట్ పొడుగాటి మనిషి, అడవిలో ఒక్క అడ్డదిడ్డపు తూటా కూడా కాల్చినవాడు కాదని పేరు. అవమానంతో అతని మెడ ఎర్రబడిపోయింది.

"మావాళ్ళంతా అప్పుడు కొండ అవతల ఉన్నారు. మేమెవరం కాల్చలేదు" అన్నాడు.

"మావాళ్ళూ కాల్చలేదు. మరి ఈ దుప్పికి నిద్రొచ్చిందా?" అన్నాడు తైస్తో.

ఏవెర్ట్ గాయం చూద్దామని ఒక అడుగు ముందుకు వేశాడు. కాలు నీటిగుంటలో దిగబడింది. బూటు కింద ఏదో గట్టిగా తగిలితే వంగి దేవాడు. బురద కారుతూ గొట్టం పైకి వచ్చింది. ఔలిస్ అంతసేపూ వెతికింది అతనికి ఒక్క అడుగులో దొరికింది.

"ఇదుగో! ఇంకేం కావాలి?" అని అరిచాడు ఓయివ. "మీవాళ్ళదే!"

"మాదా? మావాళ్ళవి తుపాకులకే ఉన్నాయి, చూస్కోండి" అన్నాడు ఏవెర్ట్. అతని మనుషులు తుపాకులు ముందుకు పెట్టారు. అన్నిటికీ గొట్టాలున్నాయి. కుర్కివార వాళ్ళూ పెట్టారు. వాళ్ళవాటికీ ఉన్నాయి. అంత మందిలో ఒకే ఒక్క తుపాకీ మూతి బోసిగా ఉంది, దాని మీద చినిగిన నల్ల టేపు వేలాడుతోంది. తైస్తో దాని మీదినుంచి చూపు దాటించేసి, "ఔలిస్‌ని వదిలేయండి, అతను లెక్కలోకి రాడు" అన్నాడు.

"నాదే" అన్నాడు ఔలిస్.

"నువ్వాగవయ్యా. వాళ్ళని కాపాడాల్సిన పని నీకేం పట్టింది?"

ఔలిస్ ఏవెర్ట్ మొహం చూశాడు. ఏ తప్పూ చేయని మనిషి, బురదలో ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. బూర బరువు ఎంతుంటే అంతుండనీ అనుకున్నాడు ఔలిస్. గొట్టాన్ని ఏవెర్ట్ చేతిలోంచి తీసుకుని, నీళ్ళు దులిపి, గుడ్డతో మర తుడిచి, అందరూ చూస్తుండగా తన తుపాకీ కొసకు తిప్పాడు. ఈసారి చేత్తోనే బిగించాడు. చక్కగా కుదిరింది.

అందరూ తుపాకీనీ ఔలిస్‌నీ మార్చి మార్చి చూశారు.

"హల్లి మొరుగు పోతుందని చెప్పింది డాక్టరు. భయమేసింది" అన్నాడు ఔలిస్ నేలకేసి చూస్తూ. "కాల్చాక... అడవి ఆగలేదు తైస్తో. అలాగే ఉంది. దుప్పి ఊపిరి విన్నాను. మంచులోంచి నీళ్ళు రావడం విన్నాను. ఇంత ఉందని నాకు తెలీదు."

తైస్తో టోపీ సర్దుకున్నాడు. "మాకు తెలుసు" అన్నాడు.

"తెలుసా! మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేంరా?"

"నువ్వు అడగలేదు."

ఏవెర్ట్ గుంటలోంచి కాలు లాక్కున్నాడు. "మొదటిసారి గొట్టంతో కాల్చినప్పుడు నేను చాలాసేపు లేవలేదు. మావాళ్ళు నాకు గుండె ఆగిందనుకున్నారు. నేను ఊరికే వింటున్నా" అన్నాడు. అతని జీవితంలో అదే అతి పొడుగు ప్రసంగమని తర్వాత లహ్నలంపి వాళ్ళు చెప్పారు.

ఎవరు ముందు తీశారో గానీ, ఒక్కొక్కటిగా టోపీలన్నీ చేతుల్లోకి వచ్చాయి. రెండు ఊళ్ళ మగాళ్ళు చిత్తడిలో నిలబడి, ఆ పెద్ద దుప్పి చుట్టూ, ఏమీ మాట్లాడకుండా విన్నారు. గాలి పైన్ చెట్ల కొసల్లో వస్తూ పోతూ ఉంది. హల్లి ఒకసారి ఆవులించింది. ఓయివ ఉన్నట్టుండి వేలెత్తి చెట్లవైపు చూపించాడు, అడవికోడి కూస్తోందన్నమాట. ఔలిస్‌కి అది వినబడలేదు, ఇక వినబడదు కూడా. కానీ ఓయివ వేలు చెట్లవైపే నిలిచి ఉండటం చూసి, అది విన్నంత సంతోషపడ్డాడు.

అందరూ కలిసి దుప్పిని లాక్కుని, ఆకలితో నకనకలాడుతూ క్లబ్బు ఇంటికి చేరారు. లెంపి చల్లటి పొయ్యి పక్కన కూర్చుని చేతితొడుగు అల్లుకుంటోంది. గిన్నె నిండా తొక్క తీసిన పచ్చి దుంపలు నీళ్ళలో తేలుతున్నాయి.

"అప్పుడే వచ్చేశారేం? ఔలిస్ ఇంకా కాల్చందే!" అంది.

చెప్పారు. లెంపి అల్లికసూదులు ఒళ్ళో పెట్టుకుని మొత్తం విన్నది. అడవి గురించి చెప్పినప్పుడు కళ్ళు కాస్త తడి చేసుకుంది, ఆ వెంటనే లేచి స్టూలు వేసుకుని గోడ మీది బూర దించింది. దుమ్ము ఊది ఔలిస్ మెడలో వేసింది. ఔలిస్ ముందుకు వంగిపోయాడు.

"నీ చెవులు చల్లగా ఉండాలి నాయనా. కానీ నా దుంపలకి కబురెవరు చెప్తారు? ఆ వాకీటాకీ గోల నాకర్థం కాదు. పైగా బూర వేసుకుంటానని నువ్వే అన్నావుట కదా."

ఔలిస్ తైస్తో వైపు చూశాడు. తైస్తో తప్పదన్నట్టు తలూపాడు. లహ్నలంపి వాళ్ళు కూడా దుంపల సూపు కోసం కూర్చున్నారు, దుంపలు ఉడికే దాకా అందరూ ఒకే బల్ల దగ్గర హాయిగా మౌనంగా ఉన్నారు. పైవారం ఏవెర్ట్ ఆ పాత కొమ్ముల్ని తెచ్చి క్లబ్బు గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. బూర వేలాడిన మేకు ఖాళీగా ఉంది కనుక వాటిని దానికే తగిలించారు.

వేట రోజు సాయంత్రం ఇంట్లో హిల్క గొట్టంలోని బురద కడిగి, తుడిచి, పొయ్యి అరమీద నిలబెట్టింది. తర్వాత బూరను రెండు చేతులతో ఎత్తి చూసి, "గ్రాములు చూసి చూసి తేలికైంది ఎంచుకున్నావు కదయ్యా, ఇదెంతుంటుందో?" అంది. ఔలిస్ కాఫీ అడిగాడు. హిల్క నవ్వుకుంటూ బూరను కూడా ఆరబెట్టి, దానికి సరిపడా ఇంకో మేజోడు మొదలుపెట్టింది.

అప్పట్నుంచి ఔలిస్ దుప్పిని కాల్చాక ముందు టోపీ తీసి వినాల్సినంతా వింటాడు, ఆ తర్వాత బూర ఊదుతాడు. కిటికీ అద్దాలు గలగలమంటాయి, ముసలి కుక్కలు మంచాల కింద దూరతాయి, లెంపి గిన్నె పొయ్యి మీదికి ఎక్కుతుంది. వసంతంలో డాక్టరమ్మ మళ్ళీ చెవులు పరీక్షించి, తుపాకీతో ఇక భయం లేదనీ, ఆ బూర ఊదేటప్పుడు మాత్రం చెవుల్లో దూది పెట్టుకోమనీ చెప్పింది.